ఉప్పు చూసిన చెయ్యి

"ఈ రోజేనా? నీకు ఇంకే రోజూ దొరకలేదా?"

యశవతి గొంతు పెంచలేదు. తూర చేప ముక్కలు కడుగుతున్న చేతులూ ఆగలేదు. వంటింటి గడపలో ఫోను పట్టుకుని నిలబడ్డ తిసరకు ఆ నిదానమే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది.

"నేను పిలవలేదమ్మా. లసంతే అడిగాడు. టూరిస్టుల్ని తీసుకుని కతరగమ నుంచి వస్తున్నాడట. మధ్యాహ్నం భోజనం మన ఇంట్లో అన్నాడు. వద్దంటే మిరిస్సలో ఆగుతారు. అక్కడ ఒకసారి అలవాటు పడ్డాక మళ్ళీ మన గుమ్మం ఎక్కుతారా?"

"ఇవాళ మీ నాన్న పోయిన మూడో నెల దానం."

"తెలుసు. భిక్షువులు మధ్యాహ్నం లోపే తిని వెళ్ళిపోతారు. వీళ్ళు ఆ తర్వాతే వస్తారు. ఎలాగూ ఊరంతటికీ వండుతున్నాం. అందులోంచే పెడదాం."

"మీ నాన్న పేరున ఎవరు తిన్నా నాకు సంతోషమే." యశవతి చేపల గిన్నెలో నీళ్ళు వంపేసింది. "కానీ నువ్వు వాళ్ళని అన్నానికి పిలవలేదురా. నా చేతికి పరీక్ష పెట్టడానికి పిలిచావు."

కోరాం మీద కొబ్బరి తురుముతున్న అనోమ తల ఎత్తలేదు. భర్త ఏమంటాడో ఆమెకు తెలుసు. అత్తగారు ఏమనలేదో అది కూడా తెలుసు.

"పరీక్షే అనుకో," అన్నాడు తిసర. "పోయిన నెల ఏం జరిగింది? ఒక పెద్దాయన చేప ముక్క నోట్లో పెట్టుకుని, మెల్లగా తీసి పళ్ళెం అంచున పెట్టేశాడు. పాపం, ఒక్క మాట అనలేదు. గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగాడు. పోతూ పోతూ లసంత నాతో ఏమన్నాడో తెలుసా? మీ అమ్మ పెద్దదైపోయింది అన్నాడు."

"పెద్దదాన్నే కదా."

"అమ్మా, మన ఇంటికి వచ్చేవాళ్ళు సముద్రం కోసం రారు. సముద్రం అందరి ఇళ్ళ ముందూ ఉంది. హోటల్లో దొరకని అన్నం ఇక్కడ దొరుకుతుందని వస్తారు. ఇవాళ బాగుందంటే సరే. లేదంటే గాలె పట్నంలో నేను మాట్లాడి ఉంచిన వంటవాడు రేపట్నుంచి వచ్చేస్తాడు. నువ్వు హాయిగా కూర్చో."

"పడవ ఎక్కడం మానేసి హాయిగా కూర్చున్నాకే మీ నాన్న పోయాడు."

తిసర ఫోను జేబులో పెట్టుకున్నాడు. బయట ఎవరో పందిరికి తెల్లగుడ్డ కట్టడానికి పిలిచారు. వెళ్ళిపోయాడు.

యశవతి చేపకు పులుపు పట్టించే గొరక పండు తొనలు రోట్లో వేసింది. ఎండి నల్లబడ్డ ఆ తొనల్ని నూరుతుంటే పుల్లటి ఘాటు వంటిల్లంతా కమ్మింది. అనోమకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. యశవతి మాత్రం రోటి మీదికే వంగి, ఏ వాసనా లేని గదిలో ఉన్నట్టు నూరుతూనే ఉంది.

భర్త జినదాస బతికి ఉన్నప్పుడు ఉప్పు చూసే పని ఆయనది. సముద్రం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరటి గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపేవాడు. యశవతి గరిటెతో రెండు చుక్కలు వేసేది. ఆయన నాకి, కళ్ళు మూసుకుని, "చాలు" అనో "ఇంకొంచెం" అనో అనేవాడు. అది వంట కోసం కాదని, వాళ్ళిద్దరికీ అదొక అలవాటని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె చెయ్యి తప్పడమంటూ ఉండేది కాదు.

ఆయన దహనం అయ్యాక ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నోటికి రుచినీ ముక్కుకి వాసననీ పట్టుకుపోయింది. అవే వస్తాయిలే అనుకుంది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఆ అతిథులు వచ్చి వెళ్ళిన కొద్ది రోజులకు, ఒక పొద్దున, చక్కెర అనుకుని అనోమ ఉప్పు కలిపిన టీని యశవతి ఆఖరి గుక్క దాకా తాగి గ్లాసు కడిగి బోర్లించింది. అనోమ తన గ్లాసులోని మొదటి గుక్కే ఉమ్మేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వాడికి చెప్పకు," అంది యశవతి.

అంతే. ఆ మధ్యాహ్నం నుంచి పెరటి గుమ్మంలో చాపే అరచెయ్యి అనోమది అయింది. ఆ తర్వాత కూరలో ఉప్పు తప్పలేదు.

"ఇవాళ నీ చెయ్యి చాపొద్దు దువా," అంది యశవతి ఇప్పుడు. కన్నకూతుర్ని పిలిచే పిలుపుతోనే కోడల్నీ పిలుస్తుంది.

"మరి ఎలా అమ్మా?"

"ఎలా ఏముంది? దానానికి ఎవరైనా రుచి చూసి వండుతారా? బుద్ధుడికి పెట్టకముందు, భిక్షువులకు పెట్టకముందు నాలిక మీద పడిందంటే అది ఎంగిలే. ఎంగిలి పెడితే పుణ్యం మీ మామగారికి అందదు."

"చెయ్యి తప్పితే?"

యశవతి గొరక అంటిన తన చేతిని కాసేపు చూసుకుంది.

"తప్పితే తప్పనీ. వాడు వంటవాణ్ణి తెచ్చుకోనీ. ఈ పొయ్యి ముందు నుంచి నన్ను లేపెయ్యనీ. ఆయనకి మాత్రం ఎంగిలి పెట్టను."

అనోమ మళ్ళీ కోరాం మీదికి వంగింది. వెనక నుంచి మిరియాలు నూరే చప్పుడు, చేప ముక్కలకు ఆ నల్లటి ముద్ద పట్టించే చప్పుడు వినిపిస్తున్నాయి. ఉప్పు ఉండే కొబ్బరిచిప్ప నేల మీద జరిగిన చప్పుడు కూడా.

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి కేక.

"యశా! భిక్షువుల కాళ్ళు కడిగే చెంబు ఏదీ? తోమించావా, లేక దాన్నీ నేనే తోముకోవాలా?"

జినదాస అక్క సీలవతి. యశవతి లేచి వెళ్ళింది. మాటలు వినపడ్డాయి, చెంబు వెతికిన అలికిడి వినపడింది. కొంతసేపటికి ఆమె తిరిగి వచ్చింది. మళ్ళీ కొబ్బరిచిప్ప జరిగింది. అనోమ వెనక్కి తిరిగేసరికి ముక్కలు చట్టిలో పేర్చి ఉన్నాయి. అరిటాకు మూత కింద కనపడకుండా ఉన్నాయి.

ఉప్పు ముందు వేసిందా? తిరిగి వచ్చాక వేసిందా? రెండుసార్లూ వేసిందా?

"అమ్మా, ఉప్పు..."

యశవతి కళ్ళతోనే ఆపింది. ఆమె వెనకే సీలవతి గుమ్మడికాయ చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది.

"ఉప్పుకేమైంది?" అంది సీలవతి.

"ఏం లేదు అత్తా. ఉప్పు చిప్ప వెతుకుతున్నాను."

"కొండపిల్లవి, నీకు చేప దగ్గరేం పనమ్మా? మీ కొండల్లో చేపంటే ఎండుచేపే కదా. పచ్చి చేప కనపడితే అదింకా చచ్చిందో లేదోనని గిల్లి చూస్తారట."

యశవతి నవ్వింది. మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారేమో. అనోమ కూడా నవ్వాలని చూసింది. నవ్వు రాలేదు.

"నా తమ్ముడికి నీ పులుపు చేపంటే ప్రాణం యశా," అంది సీలవతి, గుమ్మడికాయ దింపుతూ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చివరి వారం నోట్లో ఏమీ పోకపోయినా అదే అడిగాడు. పైన ఎక్కడున్నాడో, ఇవాళ్టి పుణ్యం కోసం ఆకలి కడుపుతో చూస్తూ ఉంటాడు."

యశవతి పొయ్యిలో మంట సర్దింది. చట్టి పొయ్యి మీద పెట్టి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పేర్చింది.

పనస కూర దిగింది. పప్పు దిగింది. ఎర్రబియ్యం అన్నం వార్చారు. యశవతి స్నానానికి వెళ్ళింది. సీలవతి ముందు గదిలో ఆసనాల మీద తెల్లగుడ్డలు పరుస్తోంది. వంటింట్లో అనోమ ఒక్కతే మిగిలింది, ఎదురుగా ఆ చట్టి.

మూత సందుల్లోంచి గొరక, మిరియం, కాలిన అరిటాకు వాసన వస్తోంది. ఉప్పుకి వాసన ఉండదు.

రెండుసార్లు పడి ఉంటే ఇంకాస్త సేపట్లో చెమ్మ ఆరిపోతుంది. ఆరితే ఇక చేయగలిగిందేమీ లేదు. ఇప్పుడైతే గొరక నీళ్ళు పోసి కొంత వంపెయ్యొచ్చు. అప్పుడు వరండాలో పేము కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న యశవతిని, వంటింట్లో వేరెవరో గరిటె తిప్పుతుంటే వింటూ కూర్చున్న యశవతిని చూడాల్సిన పని ఉండదు.

కానీ మామగారు.

పెళ్ళైన కొత్తలో చేప ముల్లు గొంతులో ఇరుక్కుని ఆమె ఏడుస్తుంటే, అన్నం ముద్ద చేసి మింగించింది ఆయనే. "కొండ మీద ముళ్ళు ఉండవు కదమ్మా, నేర్చుకుందువులే" అన్నాడు. ఆయనకు ఎంగిలి పెట్టడమా?

అనోమ పటకారుతో నిప్పులు పక్కకు తీసింది. మూత ఎత్తింది. అరిటాకు అంచు జరిపి, కొబ్బరిచిప్ప గరిటెతో అడుగున మరుగుతున్న చెమ్మ తీసింది. గరిటె నోటికి తగలనివ్వలేదు. ఎడమ అరచేతిలో రెండు చుక్కలు వేసుకుంది. చెయ్యి కాలింది. కళ్ళు మూసుకుని నాలిక ఆనించింది.

పులుపు. మిరియం మంట.

ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు.

యశవతి రెండుసార్లూ ఉప్పు చిప్ప దగ్గరికి చెయ్యి చాపింది, రెండుసార్లూ ధ్యాస ఎక్కడికో పోయి ఉంటుంది. అనోమ గరిటె కింద పెట్టింది. తర్వాత లేచి, గుప్పెట్లో ఉప్పు తీసుకుని వేడి నీళ్ళలో కరిగించి, ముక్కల చుట్టూ అంచుల వెంట పోసింది. గరిటె పెడితే ముక్కలు విరుగుతాయి. రెండు గుడ్డలతో చట్టిని ఎత్తి అటూ ఇటూ వంచింది. ఆకు కప్పింది. మూత పెట్టి నిప్పులు సర్దింది.

సరిపోయిందో లేదో రెండోసారి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

పొగ పోవడానికి గోడకి కొట్టిన చెక్కల సందుల అవతల తెల్ల చీర కొంగు ఒకటి కదిలింది. అనోమ గబగబా పెరట్లోకి వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. ఇవాళ ఈ ఇంట్లో ఆడవాళ్ళందరివీ తెల్ల చీరలే.

గేటు దగ్గర డప్పు మోగింది. తిసర వంగి భిక్షువుల కాళ్ళు కడిగాడు. వాళ్ళు పరచిన తెల్లగుడ్డ మీద నడిచి లోపలికి వచ్చి గోడ వెంట కూర్చున్నారు. ముందుగా బుద్ధుడికి. యశవతి చిన్న చిన్న గిన్నెల్లో అన్నం, పప్పు, పనస కూర, చేప కొద్దికొద్దిగా పెట్టి పళ్ళెంలో సర్దింది. ఆ పళ్ళెం చేతులు మారుతూ పీఠం దాకా పోవాలి. ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు అంతా ఒక్కసారైనా దాన్ని తాకి పుణ్యంలో పాలు పంచుకుంటారు.

పళ్ళెం అనోమ చేతుల్లోకి వచ్చింది. అందులో నల్లటి చేప ముక్క. ఆమె దాన్ని చూడకుండా పక్కకు అందించింది.

పక్కన సీలవతి ఉంది. ఆమె చెయ్యి ముందుకు రాలేదు. వెనక్కి పోయింది. పళ్ళెం ఆమెను దాటి వేరే చేతుల్లోకి వెళ్ళింది. సీలవతి అనోమ ముఖం వైపే చూస్తోంది.

అనోమ తల దించుకుని గోడ వైపు జరిగింది.

వడ్డన మొదలైంది. భిక్షువులు మాట్లాడకుండా తింటారు. బాగుందనరు, బాగోలేదనరు. పెద్ద భిక్షువు వేళ్ళు చేప ముక్కను విడదీశాయి, అన్నంలో కలిపాయి, నోటికి వెళ్ళాయి. ఆయన ముఖంలో ఏదీ కదల్లేదు. తిసర ఆయన్నే చూస్తున్నాడు. యశవతి ఎవర్నీ చూడటం లేదు. ఎదురుగా గోడకున్న జినదాస ఫోటో వైపు కూడా చూడలేదు.

భోజనాలయ్యాక తల్లీ కొడుకూ కూజా పట్టుకుని నీళ్ళు పోశారు. భిక్షువులు చదువుతుంటే నీళ్ళు గిన్నె నిండి పళ్ళెంలోకి పొంగాయి. ఇక్కడ పోసిన నీళ్ళు పొంగి పల్లానికి చేరినట్టే, ఇక్కడ చేసిన పుణ్యం పోయినవాళ్ళకు చేరాలని ఆ మాటల అర్థం. యశవతి పెదవులు కదిలాయి. సీలవతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు తమ్ముడి కోసమో, అతనికి చేరని దాని కోసమో, అది అనోమకు మాత్రమే అర్థమైంది.

భిక్షువులు అలా వెళ్ళారో లేదో, లసంత వ్యాను ఇలా వచ్చి ఆగింది. అతిథులు ఎండకు ఎర్రబడ్డ ముఖాలతో దిగారు. పందిరి తెల్లగుడ్డ చూసి గొంతులు తగ్గించారు. ఇది ఈ ఇంటి పెద్దాయన పేరున పెట్టే భోజనమని లసంత వాళ్ళకు చెప్పినట్టున్నాడు. వాళ్ళలో నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మార్త అనే పెద్దావిడ ముందు లోపలికి వెళ్ళి, జినదాస ఫోటోకి తల వంచి వచ్చి కూర్చుంది.

వరండాలో పళ్ళేల మీద తామరాకులు పరిచారు. అన్నం, పప్పు, పనస కూర, గుమ్మడి, ఎర్రటి కొబ్బరి పచ్చడి సంబోల్, వేగిన అప్పడాలు. చివరికి చేప. వడ్డించింది అనోమే. ముక్కలు విరక్కుండా ఒక్కొక్కటే పెట్టింది.

"చెంచాలు అడక్కండి, ఇవ్వరు," అన్నాడు లసంత వాళ్ళతో. తర్వాత అనోమ వైపు తిరిగాడు. "వదినా, ఆ మూల కూర్చున్నాయనకి సంబోల్ కొంచెమే వెయ్యి. నిన్న ఒక మిరపకాయ కొరికి నన్ను పట్టుకుని ఏడ్చాడు."

మార్త వేళ్ళతో కలపడం చేతకాక అన్నం సగం ఆకు బయట పోసింది. చేప ముక్క కొంచెం తుంచింది. నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

అనోమ గరిటె గట్టిగా పట్టుకుంది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. మళ్ళీ నమిలింది. ఇంకొంచెం తుంచి, ఈసారి అన్నంతో పాటు పెట్టుకుంది. మాట్లాడుతున్న పక్కావిడను చేత్తో ఆపి, తన ఆకులోంచి ముక్క తీసి ఆమె ఆకులో పెట్టింది. వరండాలో మాటలు తగ్గిపోయాయి. వేళ్ళు నాకుతున్న చప్పుడు మాత్రం మిగిలింది. మిరపకాయ మనిషి ముక్కు తుడుచుకుంటూ, చెమటలు కక్కుతూ, సంబోల్ కోసం మళ్ళీ ఆకు చూపించాడు. అందరూ పగలబడి నవ్వారు.

"ఈ పులుపు దేనిదని అడుగుతోంది," అన్నాడు లసంత.

అనోమ లోపలికి వెళ్ళి ఎండు గొరక తొన తెచ్చి ఇచ్చింది. మార్త దాన్ని వాసన చూసి, తిప్పి తిప్పి చూసి, ఇచ్చెయ్యకుండా ఆకు పక్కన పెట్టుకుంది. లసంత తన ఆకు తుడిచినట్టు తిన్నాడు. తిసర భుజం మీద చరిచాడు.

"ఇదిరా మీ అమ్మ చెయ్యి. పోయిన నెల నాకేదో పీడకల వచ్చినట్టుంది."

తిసర వంటింట్లోకి పరుగెత్తినంత పని చేశాడు. యశవతి పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. సీలవతి తలుపు పక్కన, ముట్టని అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఉంది. అనోమ గరిటెతో అతని వెనకే వచ్చి చట్టి దగ్గర నిలబడింది.

"అమ్మా! వాళ్ళు ఆకులు కూడా తినేస్తారేమో. పెద్ద భిక్షువు చేప రెండోసారి వేయించుకున్నారు, చూశావా? ఆ వంటవాడికి రావద్దని ఇప్పుడే చెప్పేస్తాను. నేనన్న మాటలన్నీ..." అంటూ వంగి తల్లి పాదాలకు మొక్కాడు. "క్షమించు."

యశవతి చెయ్యి అతని తల మీదికి వెళ్ళింది. కళ్ళు మాత్రం అనోమ మీద ఉన్నాయి. ఆ చూపులో సంతోషం లేదు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"చెప్పెయ్ నాయనా, వంటవాడికి చెప్పెయ్," అంది సీలవతి. "అలాగే నీ పెళ్ళాన్ని కూడా ఒక మాట అడుగు. పొద్దున ఈ చట్టిలోంచి మొదటి ముద్ద ఎవరు తిన్నారో అడుగు."

"ఏంటత్తా అది?"

"చెక్కల సందులోంచి నా కళ్ళతో చూశాను. చేతిలో వేసుకుని నాకింది. బుద్ధుడికి పెట్టలేదు, భిక్షువులకు పెట్టలేదు, ముందు తను నాకింది. భిక్షువుల ముందు గొడవెందుకని ఇంతసేపూ నోరు కుట్టేసుకున్నాను." ఆమె గొంతు చీరుకుపోయింది. "మూడు నెలలు ఎదురుచూశాడు నా తమ్ముడు. ఎంగిలి పెట్టి పంపించారు వాణ్ణి."

తిసర నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది, తీసెయ్యడం మరచిపోయినట్టు.

"అనోమా? అత్త చెప్పేది నిజమేనా?"

అనోమ అరచెయ్యి ఇంకా మండుతోంది. నిజం చెబితే ఎందుకు చూశావంటారు. ఎందుకో చెబితే అత్తగారి పొయ్యి ఆరిపోతుంది. చెప్పకపోతే తను ఆకలికి ఆగలేక దానం ఎంగిలి చేసిన కోడలు.

"నిజమే," అంది.

"ఎందుకు?"

ఆమె ఆ అరచేతిని కొంగులో దాచుకుంది.

"ఎందుకంటే చెప్పవేం? మా నాన్న దానం అది. మీ ఇంట్లో ఇలాగే నేర్పారా?"

"గొంతు తగ్గించు," అంది యశవతి. "బయట అన్నాలు తింటున్నారు."

ఆమె పీట మీద నుంచి మెల్లగా లేచింది.

"చూడమన్నది నేనే."

అనోమ తల ఎత్తింది. అబద్ధం. ఆ ఇంట్లో యశవతి నోట అబద్ధం వినడం అనోమకు అదే మొదలు.

"నువ్వా?" అంది సీలవతి. "నీకు పిచ్చా యశా? నువ్వు వండినదానికి ఇంకొకరు ఉప్పు చూడాలా? అందులోనూ కొండపిల్ల! దాన్ని కాపాడటానికి నాకే కథలు చెబుతున్నావా?"

"గరిటె నోట పెట్టలేదక్కా. చేతిలో వేసుకుంది."

"చేతిలో వేసుకుంటే? మొదటి ముద్ద ఎవరిదైంది? బుద్ధుడిదా, నీ కోడలిదా?"

యశవతి గోడకు చెయ్యి ఆనించింది. ఒక క్షణం ఆమె చాలా ముసలిదైపోయినట్టు కనిపించింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. పొయ్యి ఆమెదే. వంటవాడు రాడు. సీలవతి నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. కోడలి మీద పడ్డ మాట కోడలి మీదే ఉంటుంది.

అమ్మా వద్దు, అనుకుంది అనోమ. పైకి అనలేకపోయింది.

యశవతి వంగి ఉప్పు ఉన్న కొబ్బరిచిప్ప అందుకుంది. అందులోంచి గుప్పెడు రాళ్ళ ఉప్పు తీసి నోట్లో వేసుకుంది. పిల్లలు బెల్లం ముక్క నమిలినట్టు నమిలింది. పటపటమని చప్పుడైంది. ముఖం చిట్లించలేదు. నీళ్ళు అడగలేదు.

"ఇదేంటో చెప్పు తిసరా," అంది. "చక్కెరా, ఉప్పా? నాకు తెలియడం లేదు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచి తెలియడం లేదు."

సీలవతి ఒళ్ళోని పళ్ళెం పక్కకు ఒరిగింది. అన్నం నేల మీద పడింది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"అమ్మా, ఉమ్మెయ్. ముందు ఉమ్మెయ్," అంటూ తిసర చెయ్యి చాపాడు.

ఆమె మింగింది.

"మీరంతా ఇవాళ తిన్నది నా చెయ్యి కాదురా. నేను చట్టిలో ఉప్పు వేశానో లేదో కూడా నాకు గుర్తులేదు. అక్కా, తమ్ముడికి ఏం చేరిందో నాకు తెలియదు. పాపం అంటూ ఉంటే నా పేరున రాయించు. దాని పేరున వద్దు."

గుమ్మంలో నీడ పడింది. లసంత. చేతులు కడుక్కుని తడి వేళ్ళు దులుపుకుంటూ, నవ్వుతూ వచ్చాడు. లోపలి ముఖాలేవీ అతనికి ఇంకా కనపడలేదు.

"అమ్మా, మార్త ఒకటి అడగమంది. రేపు పొద్దున మీ పక్కన కూర్చుని ఈ చేప వండటం నేర్చుకుంటుందట. మీరు అక్కడికక్కడ రుచి చూసి చెబుతూ ఉంటే చాలట. ఆవిడకి నచ్చితే ఇకమీద నా వ్యాను వేరే ఊళ్ళో ఆగదు. ఏమంటారు?"

యశవతి పెదవి మీద ఉప్పు రవ్వ ఒకటి మెరుస్తోంది.

"నన్నెందుకు అడుగుతావు నాయనా," అంది. "రేపటికి ఈ వంటిల్లు ఎవరిదో నా కొడుకుని అడుగు."

లసంత నవ్వు తగ్గిపోయింది. తిసర వైపు చూశాడు. తిసర అతని వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు. భార్య వైపు తిరిగాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడనట్టు, ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

వరండాలోంచి ఎవరో ఇంకొక్క చేప ముక్క కావాలని నవ్వుతూ అడుగుతున్నారు. అనోమ చేతిలో గరిటె ఉంది. చట్టి అడుగున ఒక్క ముక్కే మిగిలింది.